మేకతో సహా యథాస్థితి

పాత కార్లను కాపాడాలని ప్రభుత్వానికి బుద్ధి పుట్టిన రోజున మా బావ దాడి సన్యాసిరావు వీధిలో ఇంటింటికీ మాడుగుల హల్వా పంచాడు. ఎవరి నుంచి కాపాడుకోవాలో అప్పటికి అతనికి తెలియదు.

బావ విశాఖపట్నం పోర్టులో దీపస్తంభం చూసుకునే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. సర్వీసంతా సముద్రం మీద పోయే ఓడలకి దారి చూపించాడు గానీ, కట్టుకున్నదానికి ఒక్కసారైనా సరైన దారి చూపించలేదని మా అక్క వరహాలు గొడవ. ఆ గొడవకి మూలం ఒక కారు.

అది ముప్ఫైల్లో సీమ నుంచి ఓడలో దిగిన స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, టాపు లేదు, పొడుగాటి ముక్కు, చిలకపచ్చ రంగు, వీపుకి తగిలించుకున్న స్టెప్నీ చక్రం. హార్బరు కొత్తగా కట్టిన రోజుల్లో ఎవరో దొర తెప్పించుకున్నాడట. దొర వెళ్లిపోయాక చేతులు మారీ మారీ, ఎవరికీ అక్కర్లేని దశలో బావ చేతికి చిక్కింది. పెళ్లైన కొత్తలో అక్కని అందులో ఎక్కించుకుని అనంతగిరి బయల్దేరాడు. ఘాట్ రోడ్డు సగంలో మంచు కమ్మేసింది. దీపాలు వేశాడు. అవి వెలిగాయో లేదో తెలియక దిగి దగ్గరకెళ్లి చూడాల్సి వచ్చింది. ఆ దిగడంలోనే తెలిసింది, ముందు చక్రం లోయ అంచు మీద ఉందని. అక్క కారు దిగి, రోడ్డు మీద నిలబడి ఒట్టు పెట్టుకుంది.

"దీనికి కళ్లొచ్చినదాకా నేనెక్కను."

అన్న మాట నిలబెట్టుకుంది. ఆ తర్వాత ఏ పెళ్లికి వెళ్లినా అక్క ఆర్టీసీ బస్సులో, బావ ఆ బస్సు వెనకాల కారులో. చూసినవాళ్లు మొగుడూ పెళ్లాలకి మాటల్లేవేమో అనుకునేవారు. మాటలకేం లోటు లేదు. బస్సు వెనక సీటు కిటికీలోంచి అక్క దారి పొడుగునా కేకలేస్తూనే ఉండేది.

రిటైరైన మర్నాడే బావ కారు ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. మామూలు హెడ్‌లైట్లు కాక బంపర్ మీద అదనంగా దూరం చూపించే డ్రైవింగ్ లైట్లు ఒక జత, మంచులో వాడే ఫాగ్ లైట్లు ఒక జత ఉన్నాయి. ఉండడమే గానీ వెలగడం లేదు. వెలుగుని ముందుకి తోసే లోపలి గిన్నెలు మాడిన మూకుళ్లలా నల్లబడిపోయాయి. వాటిని ఊడదీసి, పూజ సామాన్లకి వెండి పూత పూసేవాళ్ల దగ్గరికి పట్టుకెళ్లాడు. ఇవి ఏ దేవుడివండీ అని వాళ్లు అడిగారట. తీగల మీద బట్ట చీకిపోతే కొత్త తీగలు లాగి, వాటికి పాత రకం అల్లిక తొడుగు తొడిగాడు. పగిలిన పసుపు గాజుకి జోడు వెతుకుతూ ముంబై పాత సామాన్ల బజారు దాకా వెళ్లొచ్చాడు. ఆఖరికి పాత హోల్డర్లో పట్టేలా కొత్త రకం ఎల్‌ఈడీ బల్బులు అమర్చాడు. పైకి చూస్తే దొర కాలం దీపాలు, లోపల మన కాలపు వెలుగు.

నేను బళ్లో లెక్కల మాస్టారుని. నాకు దీపాల సంగతి తెలియదని బావ నమ్మకం. "మంచులో దూరపు లైటు ఎయ్యకూడదు బామ్మర్దీ. ఎదురుగా తెల్లగోడ లేచి కూకుంటాది. కిందికి వంచి, ఎడల్పుగా, పచ్చటి లైటు ఎయ్యాల. రోడ్డు మన కాళ్లకాడ కనబడితే సాలు, మిగతాది అదే వస్తాది," అని రోజూ చెప్పేవాడు.

ఒక సాయంత్రం పెరటి గోడ మీదికి వేసి చూపించాడు. గోడ మీద పాకుతున్న చీమలు కూడా కనబడ్డాయి. అక్క వంటింటి గుమ్మంలోంచి చూసి, "గోడ మీద కాదు, అనంతగిరిలో సూపించు. అప్పుడెక్కుతాను," అంది. ఆ మాటకి బావ మొహం చూడాలి. డిసెంబరు మంచు కోసం పెళ్లికొడుకులా ఎదురుచూడ్డం మొదలుపెట్టాడు.

డిసెంబరు కంటే ముందు ఉత్తర్వు వచ్చింది. వయసు మీరిన వాహనాలన్నీ తుక్కు యార్డుకి పోవాలి. చరిత్ర ఉన్నవాటికి మాత్రం మినహాయింపు. చరిత్ర ఉందో లేదో తేల్చడానికి 'వారసత్వ వాహన యథాస్థితి ధ్రువీకరణ సంఘం' వెలిసింది. దానికి అధ్యక్షులు ఆచంట భైరవమూర్తిగారు. అంతకుముందు ఆయన కోటగోడల సంఘానికీ, దానికి ముందు తాళపత్రాల సంఘానికీ అధ్యక్షులుగా చేశారు. ఆయనకి కారు నడపడం రాదు. కాబట్టి నిష్పక్షపాతంగా ఉండగలరని ఉత్తర్వులోనే రాశారు.

తనిఖీ రోజున సంఘం ఆఫీసు ఆవరణలో కారు నిలబెట్టి బావ లైట్లన్నీ ఒక్కసారిగా వేశాడు. భైరవమూర్తిగారు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఈ వెలుగు చరిత్రలో ఉన్నదేనా?"

"చరిత్రలో ఏటుందండీ, గుడ్డి దీపం. ఇది నేను పెట్టాను," అన్నాడు బావ, మెచ్చుకుంటారనుకుని.

భైరవమూర్తిగారు నిట్టూర్చారు. "మా సంఘ సిద్ధాంతం ఒక్కటే. ఊహకు తావు లేదు. ప్రతి వాహనమునకూ ఒక ఆధార చిత్రము నిర్ణయించబడును. చిత్రమునందు ఏ విధముగా ఉన్నదో వాహనము ఆ విధముగానే ఉండవలెను. అంతకంటే తరుగు పనికిరాదు. మెరుగు అసలే పనికిరాదు. సుదర్శనం, చిత్రం తెప్పించండి."

సుదర్శనం అంటే సంఘం కార్యదర్శి. కుర్రవాడు, చురుకైనవాడు, ప్రమాదకరమైనవాడు. అప్పటికే ఎక్కడెక్కడో గాలించి ఈ కారుది ఒకే ఒక్క పాత ఫొటో సంపాదించాడు. బావ దాన్ని చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. మురిపెం కాసేపే నిలిచింది.

ఫొటో నలభై రెండులో తీసింది. ఆ ఏడాది విశాఖ మీద జపానువాళ్ల బాంబులు పడ్డాయి. పై నుంచి విమానాలకి కనబడకుండా ఊళ్లో దీపాలన్నీ ఆర్పించారు, బళ్ల దీపాలకి మసి పూయించారు. ఫొటోలో మన కారు హార్బరు రోడ్డు మీద నిలబడి ఉంది. హెడ్‌లైట్లకి నడుమ సన్నటి గీత వదిలి మిగతాదంతా నలుపు. కింది దీపాలకి ఆ గీత కూడా లేదు. వెనక ఎడమ టైరులో గాలి లేదు. ముందు మడ్‌గార్డ్ మీద ఒక మేక కాళ్లు ఎత్తి పెట్టి, ఏదో నములుతూ, నేరుగా కెమెరాలోకి చూస్తోంది.

"దీపములు నలుపు చేయవలెను," అని సుదర్శనం చదివాడు.

"అది యుద్ధం అండి బాబూ! బాంబులేస్తారని మసి పూసారు. యుద్ధం అయిపోనాది కదా?"

"అయిపోయినట్టు ఈ చిత్రంలో లేదు," అన్నారు భైరవమూర్తిగారు.

"ఎడమ వెనక చక్రమునందు గాలి తీసివేయవలెను," అని సుదర్శనం తర్వాతి వరస చదివాడు.

ఇక్కడ నేను ఆగలేకపోయాను. గాలి లేకపోతే కారు ఎలా కదులుతుందండీ అని అడిగాను. భైరవమూర్తిగారు కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. "గాలి విషయంలో సంఘం ఉదారంగా ఉంటుంది. నిలబడినప్పుడు తీయవలెను. నడిచేటప్పుడు పెట్టుకొనవచ్చును. చక్రం తిరుగుతుండగా లోపల గాలి ఉన్నదీ లేనిదీ చూపరికి కనబడదు. కనబడనిది మార్పు కిందికి రాదు."

బావ ఆశగా ముందుకి వంగాడు. "అయితే లైట్లు కూడా నడిపినప్పుడే ఏసుకుంటానండి."

"వెలుగు కనబడుతుంది సన్యాసిరావుగారూ. దాని దోషమే అది."

తర్వాత సుదర్శనం కారు రంగు గురించి అనుమానం లేవదీశాడు. ఫొటోలో ఎక్కడా ఆకుపచ్చ లేదు. ఫొటోనే నలుపు తెలుపు కదండీ అని నేనంటే, మేకని కూడా నలుపు తెలుపులోనే చూపిస్తోంది కాబట్టి మేక నలుపు తెలుపుదే అయి ఉండాలని రాసుకున్నాడు. రంగు సంగతి ఉపసంఘానికి వెళ్లింది. మేక సంగతి అక్కడే తేల్చారు.

"ఆ మేక దారినపోతా కాలెట్టుంటాదండి. దానికీ కారుకీ ఏటి సమ్మందం?" అన్నాడు బావ.

"పోతూ పెట్టినా, పనిగట్టుకుని పెట్టినా, పెట్టింది. ఉద్దేశాలు చూడడం చరిత్ర పని కాదు," అన్నారు భైరవమూర్తిగారు.

డిసెంబరులో విశాఖ నుంచి అరకుకి వారసత్వ యాత్ర జరుగుతుంది. అరకులో మంత్రిగారు ధ్రువపత్రాలు పంచుతారు. ఆధార చిత్రంలో ఉన్నట్టే అక్కడికి చేరిన కార్లకి బతుకు. దారిలో తేడా వచ్చినవాటిని ఎత్తుకుపోవడానికి తుక్కు యార్డు లారీ కూడా యాత్ర వెనకాలే వస్తుంది. యజమానుల సౌకర్యార్థం ఆ ఏర్పాటు చేసినట్టు సుదర్శనం వివరించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

బావ ఇంటికొచ్చి కారు ముందు పీట మీద కూర్చున్నాడు. అన్నానికి లేవలేదు.

"కారు ఉండాలంటే లైట్లు పోవాల. లైట్లు ఉండాలంటే కారు పోవాల. మసి పూసుకుని బతికే కన్నా తుక్కులో పోతే నయం బామ్మర్దీ. నేను లైటు ఆర్పీ ఉజ్జోగం చెయ్యలేదు," అన్నాడు. ఆ వయసు మగవాడు ఒక కారు దీపం పట్టుకుని అలా కూర్చుంటే నవ్వాలో ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. నవ్వు మాత్రం రాలేదు.

అక్క గుమ్మంలోంచి అంతా విని, "మసే కదా పుయ్యమన్నారు. నువ్వు పుయ్యలేకపోతే నేను పూస్తాను," అంది.

నిజం చెప్పాలంటే ఆ మాటకి మా అక్క మీద కోపం వచ్చింది. ఇన్నేళ్లుగా ఆ కారుని గుడ్డిది గుడ్డిదని తిట్టిన మనిషి, తీరా కళ్లొచ్చాక తనే మూయిస్తానంటోంది. ఆమె మాత్రం ఆముదం దీపం వెలిగించి, దాని మీద ఇత్తడి పళ్లెం బోర్లించింది. చిన్నప్పుడు మా అమ్మ మాకు కాటుక చేసినట్టే, పళ్లేనికి పట్టిన మసిని గీకి ఆముదంతో నూరింది. ఆ కాటుక దీపాల గాజుకి వేలితో దట్టంగా పట్టించింది. బావ తల తిప్పుకుని గోడవైపు కూర్చున్నాడు.

సుదర్శనం చూడ్డానికి వచ్చి, వేలితో ముట్టి, ఆ వేలిని వాసన చూశాడు. "డబ్బా రంగు అయితే కాలదోషం పట్టేది. ఇది దేశీయ పద్ధతి. సంఘం హర్షిస్తుంది," అని వెళ్లిపోయాడు.

మేకని జాలరిపేట నూకరాజు దగ్గర అరువు తెచ్చాం. పేరు బంగారి. నలుపు తెలుపే. నిలబడినప్పుడు మడ్‌గార్డ్ మీద కాళ్లు పెట్టాలి, నడిచేటప్పుడు సీట్లో కూర్చోవాలి. దాన్ని పట్టుకునే పని నాకు పడింది. మొదటి రోజు అభ్యాసంలోనే అది నా జేబు రుమాలు తినేసింది. నూకరాజు దాని తల నిమిరి, "తినీసిందా? అయితే మీరంటే ఇష్టపడిందండి," అన్నాడు.

యాత్ర ముందురోజు ఇంకో ఉత్తర్వు వచ్చింది. చీకటి దీపాల చారిత్రక వాహనం పక్కన వెలిగే దీపాల బస్సు నడిస్తే కాలవాతావరణం చెడుతుందట. అందుచేత యాత్రలోని అన్ని బళ్లకీ, ముందు నడిచే జీపుకీ, సంఘం సభ్యులు ఎక్కే బస్సుకీ, ఆఖరికి తుక్కు లారీకీ కూడా దీపాల మీద నల్లకాగితం అంటించారు.

తెల్లవారుతుండగా బయల్దేరాం. వరసలో మొదట జీపు, తర్వాత సంఘం బస్సు, దాని వెనక మేము. అక్క ఒట్టు ప్రకారం బస్సులో వెనక సీటు కిటికీ దగ్గర కూర్చుంది. ఒళ్లో చేతిసంచి. మా వెనక మిగతా కార్లు. ఒక కారుకి దొరికిన ఫొటో పెళ్లిది కాబట్టి అది నిండా పూలతో వచ్చింది. ఇంకో కారుని ఫొటోలో జనం తోస్తున్నారు కాబట్టి దాని యజమాని తోసేవాళ్లని తెచ్చుకున్నాడు. శృంగవరపుకోట దాటేసరికే వాళ్లు వెనకబడిపోయారు. లారీ వాళ్ల వెంటే ఆగింది.

ఘాట్ ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికి మంచు దిగింది. ముందు కొండలు పోయాయి, తర్వాత చెట్లు పోయాయి, తర్వాత జీపు పోయింది. చివరికి బస్సు కూడా కనబడలేదు గానీ, అక్క కేకని బట్టి అది మా ముక్కుకి బారెడు దూరంలో ఆగిందని తెలిసి బావ బ్రేకు తొక్కాడు. ఎడమ పక్క లోయ. ఎంత దగ్గరో తెలియదు. బంగారి నా చొక్కా బొత్తాం నమలడం మానేసి నా చంకలో తల దూర్చుకుంది.

పై నుంచి హారన్ వినబడింది. లోడు లారీ. అది మా పక్క నుంచి వెళ్లిందని, వెళ్లిపోయాక వచ్చిన గాలిని బట్టి అర్థమైంది. బస్సులో ఎవరో దేవుణ్ణి తలుచుకున్నారు. అటువంటివి ఇంకా వస్తాయి. అక్కడ ఆగితే ప్రమాదం, కదిలితే అంతకంటే ప్రమాదం. జీపూ బస్సూ నల్లకాగితం చింపినా లాభం లేదు, ఆ దీపాలకి ఎదురుగా తెల్లగోడే లేస్తుంది.

బస్సు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. భైరవమూర్తిగారి గొంతు మంచులోంచి వచ్చింది. "సన్యాసిరావుగారూ! తమరి వద్ద మంచు దీపాలు ఉండాలే?"

"ఉన్నాయండి," అన్నాడు బావ. "యథాస్థితిలో ఉన్నాయి."



"చూడండి. నియమాన్ని ఉల్లంఘించమని అధ్యక్షుడిగా నేను చెప్పలేను. ఉల్లంఘించవద్దని మనిషిగా చెప్పలేను. ఈ రెంటికీ మధ్య తమరే ఒక మార్గం ఆలోచించాలి."

"నేను తుడిస్తే కారుని లారీ ఎక్కించీస్తారు. నేను తుడవనండి," అన్నాడు బావ. పై నుంచి మళ్లీ హారన్.

అప్పుడు బస్సు రేకుని చేత్తో తడుముకుంటూ ఎవరో వస్తున్న అలికిడైంది. గాజుల చప్పుడు. మా అక్క.

"బాబూ అధ్యచ్చులుగారూ, నేను మీకు కనబడతన్నానా?"

"లేదమ్మా. ఎవరు మీరు?"

"పోనీ మేక కనబడతన్నాదా?"

"లేదు."

"ఈ కారు లైట్లు?"

"ఏమీ కనబడ్డం లేదమ్మా!" ఆయన గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ.

"కనబడంది మార్పు కిందికి రాదని మీరే అన్నారంట. మా తమ్ముడు చెప్పాడు. మరి ఇప్పుడు నేనేటి చేసినా మీకు కనబడదు కదా?"

 భైరవమూర్తిగారు గొంతు సవరించుకున్నారు. "సూత్రప్రాయంగా... వాదన నిర్దుష్టంగా ఉంది," అన్నారు.

అక్క చేతిసంచిలోంచి నూనె గుడ్డ తీసింది. గుడ్డ ఇంటి దగ్గరే నూనెలో తడిపి, మడతపెట్టి తెచ్చుకుంది. ముందు వంగి ఫాగ్ లైట్ల గాజులు గుండ్రంగా తుడవడం మొదలుపెట్టింది. కాటుక వదిలిపోతోంది. బావ కారు దిగి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ముందే అనుకున్నావేటి?"

"రంగు పూస్తే గీకినా పోదు. గాజు పాడైతే నువ్వు ఏడుస్తావని కాటుకెట్టాను. ఎల్లు, ఎల్లి లైటెయ్యి."

ఆమెని ఇన్నాళ్లూ తప్పుగా అనుకున్నందుకు నాకు సిగ్గేసింది. బావ మాత్రం ఒక్క క్షణం ఆమె భుజం మీద చెయ్యి వేసి, వెళ్లి కారుని బస్సు వెనక నుంచి పక్కకి జరిపి స్విచ్ నొక్కాడు.

పసుపు వెలుగు మంచు కిందుగా దూరి రోడ్డు మీద పరుచుకుంది. ముందు తారు కనబడింది. తర్వాత అంచున వేసిన తెల్ల రాళ్లు, ఒకదాని వెనక ఒకటి, మలుపు దాకా కనబడ్డాయి. లోయ మేము అనుకున్న దానికంటే దగ్గరగా ఉంది. అక్క ఆ రోడ్డుని చాలాసేపు చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చి, "నువ్వు దిగు," అంది.

నేను దిగాను. ఆమె చీర సర్దుకుని, ఒట్టు పెట్టుకున్న ఘాట్ మీదే, ఆ కారెక్కి కూర్చుంది. బంగారిని ఒళ్లోకి లాక్కుంది. బావ బస్సునీ, రోడ్డు వారగా ఆగిపోయిన జీపునీ దాటి ముందుకి వెళ్లి ఆగాడు.

నేను బస్సెక్కాను. ఇబ్బంది ఏమిటంటే, పసుపు వెలుగు కారు ముందుకే పడుతుంది, వెనక ఏమీ లేదు. బస్సు డ్రైవరు, "నాకేటీ కనబడ్డం లేదు, నేను కదపను," అన్నాడు. కాస్త ఆగమని చెప్పడానికి భైరవమూర్తిగారు పరిగెత్తుకెళ్లి కారు వెనక స్టెప్నీ చక్రం పట్టుకున్నారు. చలికి తట్టుకోలేక, మంత్రిగారికి కప్పాల్సిన ఎర్ర జరీ శాలువా అప్పటికే తనే కప్పుకుని ఉన్నారు. ఆయన పట్టుకోవడం, బావ గేరు వెయ్యడం ఒకేసారి జరిగాయి. వదిలేస్తే మంచులో ఒంటరి అయిపోతారు. కాబట్టి ఆయన వదల్లేదు, పరిగెత్తారు. ముందు పసుపు వెలుగు, దానికి అడ్డంగా ఊగుతున్న ఎర్ర శాలువా. బస్సు డ్రైవరుకి అది చాలింది. శాలువా వెనక బస్సు, బస్సు వెనక జీపు, దాని వెనక పూలకారు. అందరం నడిచే వేగంతో అనంతగిరి చేరాం. కారుకి నడిచే వేగం, భైరవమూర్తిగారికి మాత్రం పరుగే.

ఊరి దగ్గర మంచు ఒక్కసారిగా విడిపోయింది. అక్కడ యాత్రకి స్వాగతం పలకడానికి పత్రికలవాళ్లు కెమెరాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మర్నాడు అన్ని పేపర్లలోనూ ఒకటే ఫొటో. తెల్లటి మంచులోంచి దూసుకొస్తున్న చిలకపచ్చ కారు, వెలుగుతున్న పసుపు దీపాలు, పళ్లు కనబడేలా నవ్వుతున్న అక్క, ఆమె ఒళ్లో కెమెరాలోకి చూస్తున్న బంగారి. వెనకాల స్టెప్నీ పట్టుకుని, శాలువా ఎగురుతుండగా, ఒక కాలు గాల్లో ఉన్న భైరవమూర్తిగారు.

మంత్రిగారికి ఆ ఫొటో తెగ నచ్చింది. శాఖ కేలండరు మీద వేయించారు. ఆ రోజే అరకు సభలో, ఈ కారుకి ఇదే అధికారిక చిత్రమని ప్రకటించారు.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పాత చిత్రం కంటే కొత్త చిత్రం స్పష్టంగా ఉందని, రంగుల్లో ఉన్నందున ఆకుపచ్చ వివాదం కూడా పరిష్కారమవుతుందని సుదర్శనం తీర్మానం పెట్టాడు. భైరవమూర్తిగారు వ్యతిరేకించలేకపోయారు. సిద్ధాంతం ఆయనదే. ధ్రువపత్రం ఇంటికొచ్చింది. సదరు వాహనము రోడ్డుపైకి వచ్చిన ప్రతిసారీ, పగలైనా రాత్రైనా, మంచు దీపములు వెలుగుచుండవలెను. ఎడమ సీటులో మేక సహితముగా గృహిణి ఉండవలెను. వెనుక భాగమున ఎర్ర శాలువాతో సంఘ అధ్యక్షులు పరుగు స్థితిలో ఉండవలెను.

"నేను కదలకుండా నిలబడి, పరుగు భంగిమ మాత్రం పెడితే సరిపోదా?" అని భైరవమూర్తిగారు సమావేశంలో అడిగారట.

"మెరుగు పనికిరాదు సార్, తరుగు కూడా పనికిరాదు," అన్నాడట సుదర్శనం. ఆ కుర్రాడు పైకొస్తాడు.

ఇప్పుడు అక్కకి కూరగాయలకి వెళ్లాలన్నా కారే. వెళ్లే ముందు సంఘం ఆఫీసుకి ఫోను చేస్తాం. అధ్యక్షులు కాన్వాసు బూట్లు వేసుకుని వస్తారు. మొదట్లో ఆయాసపడేవారు. ఇప్పుడు చక్కెర తగ్గిందని వారి ఇంట్లోవాళ్లు అక్కకి చీర పెట్టారు.

మొన్న ఆదివారం మిట్టమధ్యాహ్నం బీచ్ రోడ్డు మీద వెళ్తున్నారు. నేను స్కూటరు మీద పక్కనే ఉన్నాను. ఎండ మండిపోతోంది. ఆ ఎండలో పసుపు దీపాలు వెలుగుతున్నాయి. ఎదురొచ్చే ప్రతి బండివాడూ పిడికిలి మూసీ తెరిచీ, "లైటు! లైటు!" అని సైగ చేస్తున్నాడు. అక్క అందరికీ బంగారి కాలు ఎత్తి ఊపుతోంది.

"సన్యాసిరావుగారూ," అని వెనక నుంచి రొప్పుతున్న గొంతు వినబడింది, "కొంచెం... నెమ్మదిగా..."

బావ అద్దంలో చూశాడు. "ఫొటోలో జోరు కనబడదండి. కనబడంది మార్పు కిందికి రాదు."

అక్క మేకని ఒళ్లో సర్దుకుని, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఇంకొంచెం జోరుగా పోనీ," అంది.